పెద్దకోడలు కట్టించిన కంప్యూటర్

ఆ ఇంట్లో కింది వాటా చిన్నకొడుకుది, పై వాటా పెద్దకొడుకుది. అత్తగారు ఉండేది పైన. ఎవరూ కూర్చుని అలా తేల్చింది కాదు. పెద్దకోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తాకోడళ్ళకి ఎలా కుదిరిందో గాని కుదిరిపోయింది. ఇద్దరికీ పొద్దున లేవగానే మాట్లాడటం గిట్టదు. ఇద్దరికీ కాఫీ నల్లగా, గట్టిగా ఉండాలి. ఇద్దరికీ లారీల పిచ్చి.

పెద్దకోడలు ఒక చిన్న ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్. బిల్లు పుస్తకాలు, మందు సీసాల లేబుళ్ళు, కరపత్రాలు, ఏదొచ్చినా అక్షరాలు కొట్టి పేజీ కట్టి ఇస్తుంది. ప్రెస్సువాళ్ళు తీసి పక్కన పడేసిన పాత కంప్యూటర్ని అడిగి ఇంటికి తెచ్చుకుంది. అందులో ఒక లారీ ఆట ఉంది. సరుకు ఎక్కించుకుని, కొండదారుల్లో లోయల పాలు కాకుండా, వేళకి తీసుకెళ్ళి దించాలి. అంతే ఆట.

అత్తగారు ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. జన్మలో సైకిలైనా తొక్కి ఎరగదు. ఒక సాయంత్రం కోడలి వెనక నిలబడి చాలాసేపు చూసి, "కాస్త జరుగు, నేనోసారి తిప్పుతా" అంది. కోడలు జరిగింది. ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ పడే ఉంది. స్టీరింగు అత్తగారిది. గేర్లు, బ్రేకు, హారను కోడలివి. దారి పక్క బోర్డులు చదివి చెప్పడం కూడా కోడలి పనే. ఒక్క కీబోర్డు మీద రెండు జతల చేతులు. ప్రెస్సు నుంచి రాగానే ఆరింటికి బండి తీస్తే ఏడున్నరకి దించేవాళ్ళు.

పెద్దకొడుకు లిఫ్టు మెకానిక్. "ఇంట్లో లారీలకి ఓనర్లు ఇద్దరున్నారు, నేనేమో బస్సులో వేలాడుతున్నాను" అనేవాడు. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

ఇలా ఉండగా కింది వాటాలోకి కొత్త కంప్యూటర్ దిగింది. చిన్నకోడలు ఇంట్లోనే కూర్చుని కంపెనీలకి వీడియోలు ఎడిట్ చేసి పెడుతుంది. పని పెరిగింది, పెద్దది కొనుక్కుంది. పక్కనంతా అద్దం, లోపల రంగురంగుల దీపాలు, గోడకి సగం ఉండే మానిటర్. "అక్కా, మీ లారీ ఆటకి కొత్తది వచ్చిందట, ఎక్కించాను చూడండి. వానలు కూడా పడతాయి" అంటూ ఆప్యాయంగా వచ్చి పిలిచింది.

పెద్దకోడలికి ఆరోజు ప్రెస్సులో పని ఒత్తిడి. అత్తగారు ఒక్కతే దిగింది, "ఓసారి చూసొస్తా" అని. ఏడున్నరకి పైకొచ్చింది. మర్నాడు కూడా దిగింది. మూడోరోజు "చూసొస్తా" అన్న మాట కూడా లేదు, చెప్పులేసుకుంది.

పెద్దకోడలు ఆరింటికి పాత కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చునేది. స్టీరింగు తనే తిప్పుకుంది, బ్రేకు తనే వేసుకుంది. బండి కదిలింది గాని సరదా కదల్లేదు. నేల కిందనుంచి అత్తగారి నవ్వు వినిపించేది. ఎక్స్‌ఛేంజీలో పనిచేసిన గొంతు, గోడలు ఆపితే ఆగేది కాదు. 'నా దగ్గర ఇలా నవ్విందా ఎప్పుడైనా?' అని లెక్క వేసుకుంది. నవ్వింది, చాలాసార్లు నవ్వింది. కానీ ఆ సమయానికి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"కింద వాన పడుతోందట" అంది భర్తతో, అన్నం వడ్డిస్తూ.

"ఎక్కడ? ఆకాశం నిర్మలంగా ఉందే!"

"మీ మరదలి కంప్యూటర్లో."

అతను భార్య మొహం చూశాడు. చూసి, పప్పు ఇంకాస్త వెయ్యమన్నాడు.

పదో రోజుకి పెద్దకోడలు ఒక నిర్ణయానికొచ్చింది. తను కూడా కంప్యూటర్ కట్టిస్తుంది. కట్టించేది కింద ఉన్నదానికంటే ఒక్క మెట్టయినా పైన ఉండాలి. ఓవర్‌టైం చేసి దాచుకున్నది ఎంతో తనకి తెలుసు, అందులోనే అవ్వాలి. ప్రెస్సులో పాడైన ప్రూఫు కాగితం వెనక విడిభాగాల పేర్లు రాసుకుంది, అన్నిటికంటే పైన ఆట బొమ్మల్ని నడిపే గ్రాఫిక్స్ కార్డు. రాశాక తెలిసింది, కింద ఏముందో తెలియకుండా పై మెట్టు ఏదో ఎలా తెలుస్తుంది? చిన్నకోడలి గిన్నె ఒకటి వంటింట్లో ఉంటే, దాన్ని ఇచ్చే నెపంతో కిందికి దిగింది.

"గ్రాఫిక్స్ కార్డు ఏదే చెల్లీ ఇందులో?"

చిన్నకోడలు మహా సంబరపడిపోయింది. అటక మీది డబ్బా దించి మరీ చూపించింది. "ఇదక్కా, ఎనిమిది జీబీ. ప్రాసెసర్ ఇదిగో. మీరూ కడుతున్నారా? కట్టండక్కా, నేనూ సాయం పడతాను."

"లేదులే, ఊరికే" అంటూనే పెద్దకోడలు ఆ డబ్బాకి ఫోనులో ఫొటో తీసుకుంది. మెట్లెక్కుతుంటే తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ఫొటో చెరపలేదు.

విడిభాగాల దుకాణాయన చేతివేళ్ళకి ఎప్పుడూ ప్రాసెసర్ మీద రాసే బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటుంది. అందుకే బజారంతా ఆయన్ని పేస్టన్న అంటుంది. సన్నటి దుకాణం, నిలువునా డబ్బాలు, కౌంటరు మీద మూత తీసిన కంప్యూటర్లు. పెద్దకోడలు కాగితం పరిచింది.

"ఆటల కోసమేనా అమ్మా?"

"ఆటల కోసమే. ఈ ఫొటోలో ఉన్నదానికంటే పెద్ద కార్డు కావాలన్నా."

ఆయన ఫొటో చూశాడు, కాగితం చూశాడు, ఆమె దగ్గరున్న డబ్బెంతో విన్నాడు. "మీ లెక్కలో ఇంత కార్డు పడితే మిగతావన్నీ ఎండబెట్టాలి. కార్డు గంతులేస్తుంది, చిన్న ప్రాసెసర్ దాన్ని అందుకోలేదు. అప్పుడంత కార్డూ ఊరికే నిలబడి ఎదురుచూస్తుంటుంది. ఏ ఆట ఆడతారు?"

"లారీ ఆట."

"దానికి ఇంత అక్కర్లేదమ్మా."

"ఆటకి అక్కర్లేదేమో, నాకు కావాలి."

పేస్టన్న ఇంక వాదించలేదు. అలాంటి కళ్ళతో వచ్చేవాళ్ళని ఆయన బోలెడుమందిని చూశాడు. ఆమె కోరిన కార్డు సెకండ్‌హ్యాండుది ఒకటుంటే తీసి బెంచి మీద నడిపి చూపించాడు. ఇక అక్కడినుంచి కోత మొదలైంది. ప్రాసెసర్ ఆరు కోర్లది, పోయినేటిది. మదర్‌బోర్డు సాదాది. ర్యామ్ పదహారు, అదీ ఎనిమిదీ ఎనిమిదీ రెండు ముక్కలుగా, అలా వేస్తేనే వేగమట. ఎస్‌ఎస్‌డీ ఒకటి. క్యాబినెట్‌కి దీపాలూ లేవు, అద్దమూ లేదు, నల్లటి రేకు. పవర్ సప్లై దగ్గర ఆమె చవకది ఎత్తుకోబోతే ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు.

"ఇది మాత్రం నేను చెప్పిందే పెట్టండి. ఇది పోతే అన్నిటినీ వెంటబెట్టుకుపోతుంది."

"సరే. అయిపోయాయిగా?"

"మానిటరో?"

"ఇంట్లో ఉందిలే, పాతది. పదిహేడంగుళాలు."

"నీలం ప్లగ్గుదా? కొత్త కార్డులో అది దూరదు. మధ్యలో కన్వర్టర్ పెట్టాలి." ఆయన తల గోక్కున్నాడు. గోక్కున్నచోట పేస్టు అంటింది. "ఇంత చేసీ చివరికి చూసేది ఆ కాస్త తెరమీదే గదమ్మా. కార్డు ఒక మెట్టు దించి తెర..."

"కార్డు దించేది లేదు" అంది పెద్దకోడలు.

ఆదివారం పొద్దున లిఫ్టు మెకానిక్ స్క్రూలు బిగించాడు, ఆమె వైర్లు కలిపింది. మూడోసారి బటన్ నొక్కితే గాని వెలగలేదు, ర్యామ్ ముక్క సరిగా కూర్చోలేదు. వెలిగాక ఆమె మొహం కూడా వెలిగింది. కొత్త లారీ ఆట ఎక్కించి, వాన పెట్టి, మంచు పెట్టి, ఉన్న సొగసులన్నీ పైకి తిప్పి, రెండు కుర్చీలూ వేసి ఆరింటికి అత్తగారిని పిలిచింది.

అత్తగారు కూర్చుంది. "బాగుందే!" అంది. బండి తీసింది. రెండు మలుపులు దాటాక రాతిగోడకి కొట్టింది. వెనక్కి తీసి మళ్ళీ కొట్టింది. పది నిమిషాలు గడిచాయో లేదో కణతలు నొక్కుకుంటూ లేచింది. "తల నొస్తోందమ్మాయ్. తర్వాత ఆడదాం."

అరగంట తర్వాత చెప్పుల చప్పుడు. మెట్లమీద పైకి కాదు, కిందికి.

పెద్దకోడలు గుమ్మంలోకొచ్చి నిలబడింది. నోరు ఆగలేదు. "కిందికెళ్తే తలనొప్పి తగ్గుతుందా అత్తయ్యా? చిన్నకోడలింట గాలిలోనే మందుంటుంది కాబోలు!"

అత్తగారు మెట్టుమీద ఆగింది. తలెత్తి చూసింది. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ మెల్లిగా దిగిపోయింది.

మర్నాడు పెద్దకోడలు ప్రెస్సులో దగ్గుమందు లేబులు మీద 'రోజుకు మూడు చెంచాలు' అన్నచోట 'రోజుకు మూడు సీసాలు' అని కొట్టింది. మేనేజరు చూశాడు కాబట్టి సరిపోయింది. ఇంటికొస్తూ అనుకుంది, ఇవాళ తేల్చేసుకోవాలి. అత్తగారు ఉంటే పైన ఉండాలి, లేకపోతే పెట్టె సర్దుకుని కిందికే దిగిపోవాలి. ఆ విసురులోనే నేరుగా కింది వాటా గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల అత్తగారు గోడంత మానిటరుకి జానెడు దూరంలో కూర్చుని ఉంది. అక్షరాలు అరచేతులంతేసి పెట్టి ఉన్నాయి. చిన్నకోడలు ఆమె పక్కన లేదు, వంటింట్లో ఉంది. అత్తగారు ఒక్కతే బండి నడుపుతూ, దారిబోర్డులు పైకి చదువుతోంది. "ముందు... వంతెన. నెమ్మది. వంతెన!" చదవగలిగినందుకే నవ్వుతోంది.

పెద్దకోడలి కాళ్ళు చెప్పుల్లో అలాగే ఉండిపోయాయి. ఏడాదిగా అత్తగారు "ఆ బోర్డుమీద ఏముందే?" అని అడిగినప్పుడల్లా అది ఆటలో భాగమనుకుంది. ఈమధ్య రెండుసార్లు "కనబడట్లేదా ఏంటి?" అని విసుక్కుంది కూడా. ఆ పదిహేడంగుళాల తెరమీద అత్తగారికి దారీ లోయా ఒక్కలాగే కనబడుతున్నాయి.

చిన్నకోడలు వంటింట్లోంచి వచ్చి చూసింది. "అక్కా, రండి."

"నీకు తెలుసా?" అంది పెద్దకోడలు, కళ్ళతో అత్తగారిని చూపిస్తూ.

చిన్నకోడలు తడబడింది. "ఆవిడ చెప్పలేదక్కా. కప్పు టేబుల్ మీద పెట్టబోయి గాల్లో పెట్టారు. అప్పుడు అడిగాను. మీకు చెప్పొద్దన్నారు."

కళ్ళ సంగతికి బాధ కలగాలి. కలిగింది కూడా. కానీ దానికంటే ముందు ఇంకోటి కలిగింది, 'నాకు చెప్పనిది దీనికి చెప్పింది' అని. ఆమెకి తనమీద తనకి సిగ్గేసింది, అయినా ఆ ముల్లు దిగనే దిగింది.

"నాకెందుకు చెప్పలేదత్తయ్యా?"

అత్తగారు బండి పక్కకి ఆపింది. అలవాటుగా లైట్లు కూడా ఆర్పింది. "చెబితే నువ్వు ప్రెస్సుకి సెలవు పెట్టి నన్ను ఆస్పత్రుల చుట్టూ తిప్పుతావు. ఇది చెప్పినా వినదు, సగం మరిచిపోతుంది. అందుకని దీని దగ్గర ఫరవాలేదు."

"అత్తయ్యా!" అంది చిన్నకోడలు.

"ఇంకోటి కూడా ఉందిలే. నువ్వు ఆ డబ్బా నాకోసమే కట్టించావని తెలుసు. కట్టించాక కనబడటంలేదని ఎలా చెప్పను? తలనొప్పన్నాను. నువ్వేమో గాలిలో మందన్నావు."

పెద్దకోడలు ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూలబడింది. ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో తెలియలేదు.

బుధవారం ఆమె కార్డు పట్టుకుని పేస్టన్న దుకాణానికెళ్ళింది. చిన్నకోడలు కూడా వెంట వచ్చింది, అడక్కుండానే. "దీన్ని వెనక్కి తీసుకుని ఎనిమిది జీబీది ఇవ్వన్నా. మిగిలినదాంట్లో తెర."

"తెర ఎవరికి?"

"మా అత్తగారికి. కళ్ళు సరిగా ఆనవు."

"ఆ మాట మొన్న చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడాయన, కోపం లేకుండానే. "ఇరవై ఏడంగుళాలది తీసుకోండి. మామూలు ఫుల్ హెచ్‌డీ చాలు. ఇంకా సన్నటి చుక్కలదైతే అక్షరాలు చీమలైపోతాయి, కార్డుకీ బరువు."

అలా పైనున్న కార్డూ కిందనున్న కార్డూ ఒకటే అయ్యాయి. ఒక్క మెట్టు కూడా తేడా లేదు. ఆ సంగతి పెద్దకోడలిని ఒకటి రెండు రోజులు తొలిచింది.

ఆస్పత్రికి ఇద్దరు కోడళ్ళూ తీసుకెళ్ళారు. శుక్లం అన్నారు, కుడికంటికి ముందు ఆపరేషన్ చేశారు, రెండు నెలలాగి ఎడమకంటికి. పట్టీ విప్పిన మర్నాడే అత్తగారు పైవాటా అంతా తిరిగి, "ఈ ఫ్యాను రెక్కలు ఎన్నాళ్ళనుంచి ఇలా ఉన్నాయే?" అని అడిగింది. తర్వాత కిందికెళ్ళి కింది ఫ్యాను కూడా చూసొచ్చింది. కింద దుమ్ము ఇంకా ఎక్కువ ఉందట. పెద్దకోడలికి ఆ పూట చాలా హాయిగా అనిపించింది.

సోమ, బుధ, శుక్రవారాలు పైన. మంగళ, గురు, శనివారాలు కింద. అత్తగారే పంచింది. మంగళవారాలు నేలకింద నవ్వు వినబడితే పెద్దకోడలు టీవీ సౌండు పెంచేది. ఈర్ష్య పోయిందా అంటే పోలేదు, వారానికి మూడు రోజులకి తగ్గింది.

ఒక గురువారం ఆరున్నరకి తలుపు చప్పుడైంది. చిన్నకోడలు, ముఖం ఇంత చేసుకుని.

"అక్కా, అత్తయ్య పైన ఉన్నారా?"

"ఇవాళ నీ రోజు కదా!"

"రాలేదు. ఫోను చేస్తే పక్కవీధిలో ఉన్నానన్నారు. ఎక్స్‌ఛేంజీలో పనిచేసిన స్నేహితురాలట. ఇప్పుడు కళ్ళు బాగున్నాయి కదా, పేకాడుకుంటున్నారట. రోజూ రమ్మంటున్నారట."

"రోజూనా?" అంది పెద్దకోడలు.

"రోజూనే. వెనకాల ఎలా నవ్వుతున్నారో వినిపించింది కూడా."

ఆ ఎవరో తెలియని ఆవిడమీద ఇద్దరికీ ఒక్కసారే ఒళ్ళు మండింది. మండటంలో తోడు దొరికినందుకో ఏమో, పెద్దకోడలు పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

"రా. ఆ కుర్చీలో కూర్చో. స్టీరింగు తిప్పడం వచ్చా?"

"రాదక్కా. నేనెప్పుడూ చూడటమే."

"నాకూ సరిగ్గా రాదు. సరే, తిప్పు, బ్రేకు నేను చూసుకుంటా."

మొదటి మలుపులోనే లారీ లోయలో పడింది.

"బోర్డు చదవలేదేంటక్కా?" అంది చిన్నకోడలు.

"నువ్వు నన్ననడానికేం లేదు, మళ్ళీ తియ్యి" అంది పెద్దకోడలు.