రెండు డిస్కులు కావాలన్నాను

పెళ్ళికి ముందు నుంచీ నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసేదాన్ని. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. మానిపించారు అనడం సరైన మాట. ఇంట్లో కూర్చుని మగ్గం పనికి డిజైన్లు గీయడం మొదలుపెట్టాను. వన్‌టౌన్‌లో జరీ పని చేయించే ఒక ముసలాయన దుకాణం ఉండేది. అందరూ ఆయన్ని చాచా అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నేను కంప్యూటర్లో గీసి ప్రింటు తీసిన తీగలనీ నెమళ్ళనీ ఆయన పల్చటి కాగితం మీదకి ఎత్తి, గీత వెంబడి సూదితో గుచ్చి, సుద్దపొడి అద్ది చీర మీదకి దించేవాడు.

డిజైన్లన్నీ సీడీల్లో దాచేదాన్ని. చినవాల్తేరులో మేముండే అద్దె ఇంట్లోకి ఎప్పుడూ సముద్రపు గాలే. ఒకసారి పాత డిజైను కోసం వెతికితే సీడీ మీద వెండిపొర పెచ్చులూడి ఉంది. దాని పక్కనున్నదీ అంతే. అప్పటికి మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి, ఒకటి నాది, ఒకటి మావారిది. రెండింటికీ కేబుల్ కలిపి, ఫైళ్ళన్నీ దాచడానికి మూడో పెట్టె ఒకటి పెట్టుకోవచ్చని ఒక పత్రికలో చదివాను. చదివి ఊరుకోలేదు, ఏమేం కావాలో తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నాను.

ఫైళ్ళు దాచే పెట్టెకి వేగంతో పనిలేదు. ఎవరో అమ్మేసే పాత కంప్యూటరు చాలు. డబ్బు పెట్టాల్సింది రెండు చోట్ల: ఒకటి పవర్ సప్లై, ఎందుకంటే మా వీధిలో కరెంటు పోవడమూ ఉలిక్కిపడినట్టు రావడమూ రోజూ ఉండేదే. రెండోది డిస్కులు. రెండు కొని, ఒకదాంట్లో రాసిందల్లా రెండోదాంట్లోనూ రాసుకునేలా పెట్టాలి. నేను సముద్రం ఒడ్డునే జాలరిపేటలో పుట్టినదాన్ని. గుమ్మానికి కొట్టిన మేకులు తుప్పుపట్టి పొడిగా రాలే ఇంట్లో పెరిగాను. ఇనుముతో చేసింది ఏదో ఒకనాటికి పోతుందని నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

కొనడానికి కంప్యూటర్ షాపులుండే డాబాగార్డెన్స్‌కి వెళ్ళాం. మావారు స్టీల్ ప్లాంటులో తనతోపాటు పనిచేసే స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చారు. కంప్యూటర్లంటే ఆయనకి బాగా తెలుసట. షాపతను ముగ్గురికీ స్టూళ్ళు వేశాడు గానీ మాట్లాడింది వాళ్ళిద్దరితోనే. నేను ఏది అడిగినా జవాబు మావారి మొహం చూసి చెప్పేవాడు.

రెండు డిస్కులు అనగానే మావారు నవ్వారు.

"ఒకే సరుకు రెండిట్లో పెట్టడమేటి? సగం వేస్టు కదా."

"ఒకటి పోతే ఇంకోటి ఉంటాదండీ."

"కొత్తది ఎందుకు పోద్ది?"

స్నేహితుడు ఆ రెండింటికంటే పెద్ద డిస్కు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "బావా, ఇది తీసేసుకో. సినిమాలన్నీ పట్టేత్తాయి," అన్నాడు. నేను ఇంకోసారి చెప్పబోయాను. మేడమ్ గారు ఎక్కడో చదివినట్టున్నారని షాపతను అన్నాడు. ముగ్గురూ నవ్వారు. చివరికి వాళ్ళు ఎంచినవే కొన్నాం. కొత్త మదర్‌బోర్డు, సినిమా చూడ్డానికి తప్ప అక్కరలేనంత వేగం, ముందువైపు నీలం లైట్లు వెలిగే క్యాబినెట్టు, అందులోనే ఊరికే వచ్చిన పవర్ సప్లై. ఆటోలో పెట్టెని నా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాను.

బాగానే పనిచేసింది. పాప ఫొటోలు, ఆయన సినిమాలు, నా డిజైన్లు అన్నీ మా కంప్యూటర్లలోంచి తీసేసి అందులోకి చేర్చాం. వచ్చినవాళ్ళందరికీ ఆయన ఆ లైట్లు చూపించేవారు. నా సంపాదనతో నేనే ఒక చిన్న డిస్కు కొనుక్కుని పక్కన వేరే కాపీ పెట్టుకుంటానన్నాను. ఉన్నదాంట్లో సగం ఖాళీగానే ఉందిగా అని గొడవపెట్టి కొననివ్వలేదు.

రెండో వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. కాలిన వాసన వచ్చింది. పవర్ సప్లై మాడిపోతూ డిస్కుని కూడా తీసుకుపోయింది. తెలిసినచోటికల్లా తీసుకెళ్ళి చూపించాను. డేటా రాదన్నారు.

ఆయన మంచం మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు, పాప మొదటి ఫొటోలన్నీ పోయాయని. నాకూ ఏడుపొచ్చింది. నా డిజైన్లు కూడా అందులోనే ఉన్నాయండీ అన్నాను.

"బొమ్మలే కదా, మళ్ళీ గీసుకుందువులే. ఫొటోలెలా వత్తాయి, అది సెప్పు. అయినా ఈ పెట్టె కావాలన్నది నువ్వే."

ఆ మాటకి నాకు ఏడుపు ఆగిపోయింది. ఇన్నేళ్ళయినా ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడినుంచే మొదలవుతుంది.

మర్నాడు సిటీ బస్సెక్కి వన్‌టౌన్ వెళ్ళాను. జరిగింది విని చాచా అటకమీది రేకుపెట్టె దించి, సుద్దపొడి పట్టిన పాత కాగితాలు నా ముందు పరిచాడు. చాలావాటికి అంచులు చిరిగిపోయాయి, కొన్నింటిని ఎలకలు కొట్టాయి. "ఇంకా ఎక్కువ దాచాల్సింది అమ్మా, పనైపోయాక పారేసేవాళ్ళం," అన్నాడు. ఉన్నవి తెచ్చుకుని స్కాన్ చేశాను. చుక్కలు కలుపుతూ గీతలు మళ్ళీ గీశాను. కొన్నే దక్కాయి. మిగిలినవి గుర్తుతెచ్చుకుని గీయబోతే ప్రతి నెమలీ ఇంకో నెమలి అయిపోయేది.

కొన్నాళ్ళకి మా ఆడపడుచు ఇంట్లో గృహప్రవేశం. భోజనాల దగ్గర ఆవిడ మరిది ఏదో కంప్యూటర్ గురించి అడుగుతున్నాడు. మావారు పెరుగు కలుపుకుంటూ, ఎప్పుడు కొన్నా రెండు డిస్కులు కొనమని, ఒక్కదాన్ని నమ్ముకోకూడదని, పవర్ సప్లై దగ్గర కక్కుర్తి పడొద్దని చెబుతున్నారు. అవతలాయన శ్రద్ధగా వింటున్నాడు. ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. ఎదురు వరసలో నేను వంచిన తల ఎత్తకుండా అన్నం తిన్నాను. ఎత్తితే ఏమనేదాన్నో నాకే తెలీదు.

తర్వాత నా డబ్బుతో నాక్కావలసినట్టే ఒక పెట్టె కట్టుకున్నాను. అది ఇంట్లో పెట్టలేదు. చాచా దుకాణం మీది గదిలో మగ్గాల పక్కన ఒక బల్ల అద్దెకి తీసుకుని అక్కడ పెట్టాను. రోజూ బస్సులో అక్కడికే పనికి వెళ్ళేదాన్ని. ఇంట్లోనే చేసుకునే పనికి ఎందుకింత తిరుగుడని ఆయన చాలాసార్లు అడిగారు. ఇంట్లో వెలుతురు చాలట్లేదని చెప్పాను.