కడపలో టైమెంత?

గురువారం పొద్దున కంప్యూటర్ ల్యాబ్ బయట ఒక్క జత చెప్పులూ లేవు. తలుపుకు తాళం. మెట్ల మీద కూర్చున్న అటెండరు నన్ను చూసి లేచాడు. "సార్ పోయినారమ్మా. రాత్రి, నిద్రలోనే."

మా ప్రాజెక్టు సార్. కర్నూలులో ఎంసీఏ చదివే మాకు, ఇక్కడి యంత్రం నుంచి వేరే ఊరి యంత్రంతో పని చేయించడం నేర్పిన మనిషి.

నాది చిన్న ప్రోగ్రాం. మా కాలేజీకి కడపలో ఉన్న శాఖ లైబ్రరీలో ఫలానా పుస్తకం ఉందా అని ఇక్కడినుంచి అడిగితే, అక్కడి ల్యాబ్‌లో సార్ పెట్టిన సర్వర్ చెప్పాలి. చెప్పేముందు రెండు యంత్రాలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. ఆ గుర్తింపునే సెక్యూరిటీ కాంటెక్స్ట్ అంటారు. నా ఎర్రర్లన్నీ అక్కడే.

నలుగురిలో నాకు నోరు పెగలదు. సందేహం చీటీ మీద రాసి సార్ కీబోర్డు పక్కన పెట్టేదాన్ని. ఆయన చదివి, "నాకొక అనుమానం వచ్చిందబ్బా" అంటూ తన సందేహంలాగే క్లాసులో మొదలుపెట్టేవారు. చీటీ ఎవరిదో ఒక్కసారీ చెప్పలేదు.

తెర మీద ఎర్రర్ చూసి నేను బిగుసుకుపోతే, "అది తిట్టడం లేదమ్మా, చెప్తాండాది. కడదాకా చదువు" అనేవారు. కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేస్తే, "నిన్ను మర్చిపోయింటుంది. పాత గుర్తింపుతో పోతే రానీదు. మొదట్నుంచి పలకరించు" అనేవారు. అప్పటికీ కుదరకపోతే కడప ల్యాబ్ అటెండరుకు ఫోన్.

"ఏమప్పా, మీ సర్వర్లో టైమెంత?"

"గడియారం కొనుక్కోగూడదా సార్? దినామూ కడపకు ఫోన్ జేసి టైమడుగుతాండారు!"

"కొంటే నీతో మాట్లాడే పనుండదు గదప్పా."

రెండు గడియారాలకు తేడా ఎక్కువైతే సర్వర్ మనల్ని నమ్మదని ఆ నవ్వుల్లోనే నేర్చుకున్నాను.

శనివారం ల్యాబ్ తెరిచారు. అదే ఎర్రర్. సోమవారం వైవా, ప్రోగ్రాం నడవకపోతే ఏడాది పోతుంది. కడదాకా చదివాను. మొదట్నుంచి పలకరించాను. కుదరలేదు. ధైర్యం తెచ్చుకుని కడపకు ఫోన్ చేశాను.

"సర్వర్లో టైమెంత, అన్నా?"

"సార్ ల్యాకపాయె గదమ్మా" అన్నాడు. తర్వాత తెర చూశాడు. సార్ పోయారని అక్కడా ల్యాబ్ మూశారట. ఆపిపెట్టిన యంత్రంలో గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ అయిపోయి, ఆపినప్పటి టైము దగ్గరే అది నిలిచిపోయిందట.

"దినమే తప్పమ్మా. ఈడ ఇంగా బుధవారం సాయంత్రమే ఉండాది."

సార్ పోయింది ఆ రాత్రే.

తేదీ మార్చమన్నాను.

"మార్చనీలేదమ్మా. పాస్‌వర్డ్ అడుగుతాండాది."

ఆ పాస్‌వర్డ్ సార్ ఒక్కరికే తెలుసు.