పొగ పోయాక పట్టిన ఆయాసం

కోతలయ్యాక మా గుడ్లవల్లేరు చుట్టూ గడ్డి తగలబెట్టడం మొదలైన నాలుగో రోజున, నా భార్య రాజ్యం పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది. "ఏమండీ, ఊపిరి లోపలికి పోవట్లేదు" అంది. ఆస్తమా ఎప్పటినుంచో ఉంది. అలా మాత్రం ఎన్నడూ అనలేదు.

గుడివాడ ఆస్పత్రిలో గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేశారు, ఇన్‌హేలర్ మార్చారు. "పొగకు దూరంగా ఉంచండి, రోజూ కాస్త నడిపించండి" అన్నారు డాక్టరు గారు.

ఉదయం మంచూ పొగా కలిసి ఉంటాయని తలుపులు మూసేవాణ్ణి. ఆకాశం తేటపడ్డాక, మధ్యాహ్నం కాలవగట్టు మీద నడిపించేవాణ్ణి. మిట్టమధ్యాహ్నం ఆడవాళ్లు గట్టెక్కితే దయ్యం పడుతుందని మా వీధి నమ్మకం. అలాంటి నమ్మకాల మీద జీవితమంతా సభల్లో పోట్లాడినవాణ్ణి నేను.

"ఇవాళ వద్దండీ, గుండెల్లో మండుతోంది" అంది ఒకరోజు.

"నీకూ దయ్యం భయమేనా?"

"దయ్యమెందుకు మహానుభావా, మీరు పట్టుకున్నారుగా!" అంటూనే వచ్చింది.

గట్టు మీదే కూలబడింది. పెదాలు నీలంగా మారాయి. ఆక్సిజన్, నెబ్యులైజర్, ఐసీయూ.

"ఏ వేళప్పుడు నడిపించారు మాస్టారూ?" అని డాక్టరు గారు అడిగారు. చెప్పాను. "పొగ కనబడకపోతే గాలి బాగున్నట్టు కాదండీ. గడ్డి మంటల నుంచి, బళ్ల నుంచి వచ్చే వాయువుల మీద ఎండ పడితే ఓజోన్ తయారవుతుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అదే ఎక్కువ. అదొక్కటే కారణమని రాసివ్వలేను. ఆ వేళ మాత్రం బయటికి తీసుకెళ్లకుండా ఉండాల్సింది."

"ఓజోన్ మనల్ని కాపాడేది కదండీ?"

"అది ఎక్కడో పైనండీ. ఇది మనం పీల్చేది."

దయ్యం లేదన్న నా మాట ఇప్పటికీ నిజమే. కానీ మండుతోందని ఆమె చెప్పింది సాక్ష్యం. దాన్ని మూఢనమ్మకం కింద కొట్టేశాను.

మరుసటి కోతలకు పక్కచేను రైతును బతిమాలాను. "గడ్డి ఎత్తడానికి మనుషులేరి బావా? అయినా నువ్వొచ్చింది స్కూటరు మీదేగా, దానికి పొగ రాదా?" అన్నాడు. ఆ ఓజోన్ పైరునూ దెబ్బతీస్తుందని, భూమినీ వేడెక్కిస్తుందని చెప్పాను. తలూపాడు. మర్నాడు అంటించాడు. రాజ్యం మళ్లీ ఆస్పత్రిలో చేరింది.

తగ్గిన ఊపిరితిత్తుల శక్తి పూర్తిగా తిరిగి రాకపోవచ్చని చెప్పేశారు. వంటింట్లోంచి వాకిట్లోకి రావడానికి ఇప్పుడామె రెండుసార్లు ఆగుతుంది. ఏటా కోతలు వస్తూనే ఉంటాయి. నాకు ఏ ఆశా లేదు.

ఇంట్లో ఆయాసం మనిషి ఉంటే, గడ్డి తగలబెట్టే రోజుల్లో ఆకాశం ఎంత తేటగా ఉన్నా ఎండ వేళ బయటికి తీసుకెళ్లకండి. ఆ మనిషి వద్దంటే వాదించకండి. ఆ మధ్యాహ్నం వాదనలో నేనే గెలిచాను.