చెవి మిషను ధర దిగేదాకా

జగ్గయ్యపేటలో మా మామగారి బట్టల కొట్టుకు బట్టలు కొనేవాళ్లే కాక, ఏ వస్తువు ఎప్పుడు కొనాలో అడిగి తెలుసుకునేవాళ్లు కూడా వచ్చేవారు. యుద్ధం అయిపోయిన రోజులవి. మద్రాసు పేపర్లలో రేడియోలు, కరెంటు పంకాలు, చేతి గడియారాలు, కొత్త రకం కిరసనాయిలు పొయ్యిల బొమ్మలు పడేవి. మా వీధికి ఇంకా కరెంటే రాలేదు. అయినా ఆయన ఆ ప్రకటనలన్నీ కత్తిరించి గల్లాపెట్టె పక్కన ఒక అట్టపెట్టెలో దాచేవారు.

"రేడియో తీసుకుందామనుకుంటున్నానండీ" అని ఎవరైనా అంటే, "ఇప్పుడొద్దు. మూడేళ్లు ఆగు, సగానికి దిగుద్ది" అనేవారు. గడియారానికి రెండేళ్లు, పంకాకు ఐదేళ్లు. అంతకుముందు సైకిళ్ల విషయంలో, టార్చిలైట్ల విషయంలో ఆయన చెప్పినట్టే జరిగిందట. అందుకని ఆ మాటకు ఊళ్లో విలువుండేది.

నా పుట్టిల్లు నందిగామ. అక్కడే ఎనిమిదో తరగతి దాకా చదివి, పదహారో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది వేసవిలో మా పాప పుట్టింది. పురిటికి పుట్టింటికి వెళ్లినదాన్ని, నెల తిరక్కుండానే టైఫాయిడ్‌తో మంచం పట్టాను. నలభై రోజులకు జ్వరం దిగింది. కళ్లు తెరిచేసరికి మా అమ్మ నోరు కదులుతోంది, మాట వినపడటం లేదు. నీరసం వల్లే అనుకున్నారు. నీరసం తగ్గింది, నడక వచ్చింది, జుట్టు కూడా మళ్లీ మొలిచింది. వినికిడి మాత్రం రాలేదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే, ఎక్కడో లోతైన బావిలో మనిషి పిలిచినట్టు ఒక చప్పుడు తెలిసేది, అంతే.

అత్తవారింటికి తిరిగివచ్చిన కొత్తలోనే జెండా పండగ జరిగింది. మేళం మా గుమ్మం ముందు నుంచే వెళ్లింది. డోలు దెబ్బ గడప మీద నిలబడ్డ నా కాళ్లకు తెలిసింది. చెవికి తెలియలేదు. వీధంతా నోళ్లు తెరిచి ఏదో అరుస్తుంటే, నేను పాపను ఎత్తుకుని నవ్వుతూ నిలబడ్డాను. ఎందుకు నవ్వుతున్నానో నాకే తెలియదు.

మా ఆయన ఒక పలక కొనుక్కొచ్చారు. ఇంట్లో జరిగిందీ, ఊళ్లో జరిగిందీ సాయంత్రం దాని మీద రాసి చూపించేవారు. మామగారు కూడా ఏదైనా చెప్పాలంటే కొడుకు చేత రాయించేవారు. అత్తగారికే దారి లేకపోయింది. ఆవిడకు చదువు రాదు. "ఉప్పు", "నీళ్లు", "పాప ఏడుస్తోంది" వరకు చేతులతో చెప్పగలిగేది. అంతకు మించింది చెప్పాలంటే చెయ్యి లేపి, ఎట్లా చెప్పాలో తెలియక, లేపిన చెయ్యి ఒళ్లో పెట్టుకునేది. అయినా నా పక్కన కూర్చుని బియ్యం ఏరుతున్నప్పుడు ఆవిడ పెదాలు ఆడుతూనే ఉండేవి. ఏ స్తోత్రమో చదువుకుంటోందనుకునేదాన్ని.

ఆ ఏడాది చివర్లో మామగారే నన్నూ మా ఆయననూ వెంటబెట్టుకుని నందిగామ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు ఒక ఇనుప చువ్వ లాంటిదాన్ని మోగించి నా చెవి వెనక ఎముకకు ఆనించాడు. చాలాసేపు చూశాక మామగారితో మాట్లాడాడు. అక్కడే బల్ల మీద మా ఆయన ఆ మాటలన్నీ రాసి పలక నా ముందు పెట్టారు.

చెవి పూర్తిగా పోలేదట. పైదేశాల నుంచి చెవి మిషను ఒకటి వస్తోందట. మద్రాసులో దొరుకుతుందట. ధర మాత్రం మంచి ఎడ్ల జత ధర.

"తగ్గుద్దా?" అని మామగారు అడిగారట.

"తగ్గకుండా ఎట్లా ఉంటదండీ? ఇప్పుడైతే రెండు పెట్టెలు మొయ్యాలి. ఒకటి మిషను, ఒకటి బ్యాటరీలకి. ఇంకో నాలుగైదేళ్లలో అగ్గిపెట్టెంత చేస్తారని రాస్తున్నారు. అప్పుడు ధరా దిగుద్ది."

ఇంటికొచ్చాక మామగారు చెప్పులు విడుస్తూ నా వైపు నాలుగు వేళ్లు చూపించారు. నాలుగేళ్లు.

ఆయన పిసినారి కాదు. నిజాం సరిహద్దు అవతలి నుంచి జనం మూటలతో మా ఊరికి చేరిన రోజుల్లో, కట్టుబట్టలతో వచ్చినవాళ్లకు తానుల్లోంచి గుడ్డ చించి ఇవ్వడం నేను కళ్లారా చూశాను. వస్తువు కొనడానికి మాత్రం ఆయనకొక ధర్మం ఉండేది. దిగబోయే ధరను ఎక్కినప్పుడు పట్టుకోకూడదు. ఆ ధర్మాన్ని ఊరందరికీ చెప్పినట్టే నాకూ చెప్పారు. నేనూ తలూపాను. ఈ మాట దాచిపెట్టి ఆయన్ను ఒక్కరినే తప్పుపట్టలేను. ఎడ్ల జత ఖరీదు నా చెవికి తగిలించుకోవడమంటే నాకూ భయంగానే ఉండేది.

పాప పాకింది, నిలబడింది, నడిచింది. మాటలు వచ్చాయని పలక మీదే తెలిసింది. "ఇవాళ తాత అన్నది." "ఇవాళ కాకి అన్నది." నేను చదువుకుని సంతోషించేదాన్ని. నా ముందు మాట్లాడినప్పుడు ఆ చిన్న పెదాల వంకే చూస్తూ కూర్చునేదాన్ని. రెండేళ్లు నిండబోతుండగా అది నా దగ్గర వేరే పద్ధతి పట్టింది. ఆకలైతే వచ్చి కొంగు లాగేది. దాహమైతే గ్లాసు తెచ్చి ఒళ్లో పెట్టేది. కింద పడితే మోకాలు చూపించేది. చురుకైన పిల్ల అని మురిసిపోయాను.

అత్తగారు అట్లా అనుకోలేదు. ఒకరోజు మధ్యాహ్నం మామగారు భోజనం చేస్తున్నారు. మా ఆయన పక్క పీట మీద ఉన్నారు. అత్తగారు మజ్జిగ గిన్నె చేత్తో పట్టుకుని, వడ్డించకుండా అట్లాగే నిలబడింది. భర్త తింటున్నప్పుడు ఆవిడ నోరు విప్పడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆ మాటలు మా ఆయన తర్వాత పలక రెండు వైపులా రాసి చూపించారు.

"ఏవండీ, పిల్ల దాని దగ్గర మాట్లాడటం మానేసింది. చూశారా?"

"ఏ పిల్ల?"

"మీ మనవరాలు. నాతో వాగుద్ది, మీతో వాగుద్ది. తల్లి దగ్గరకి పోయేసరికి మూగదైపోద్ది. పిలిచి ఉపయోగం లేదని దానికి తెలిసిపోయింది."

మామగారు చెయ్యి కడగబోయి ఆగారట.

"ఇంకో రెండేళ్లు ఓపిక పడితే..."

"మీ మిషను ధర దిగిందాకా పిల్ల మాటలు ఆగుతాయా?"

మజ్జిగ పోయకుండానే ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వంటింట్లో పొయ్యి ముందే ఉన్నాను. వచ్చి నా పక్కన కూర్చుంది. మజ్జిగ గిన్నె ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ఏమైందని అడిగితే, ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

పది రోజులు తిరక్కుండా మామగారు, మా ఆయన, నేను బెజవాడలో మద్రాసు రైలెక్కాం. అక్కడి దుకాణంలో ఒక పెద్దమనిషి సబ్బుపెట్టె అంత మిషను నా చేతికిచ్చి, తీగ చివరనున్న బిళ్ల చెవిలో పెట్టాడు. ముందు గాలివాన లాంటి హోరు వినపడింది. అది నా చీర మిషనుకు రాసుకున్న చప్పుడని తర్వాత తెలిసింది. పైన పంకా తిరగడం, ఎవరో కాగితం తిప్పడం, నా గాజులు. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి.

"వినపడుతోందా?" అన్నారు మా ఆయన.

ఆ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. ఆయన గొంతని నమ్మడానికి పెదాల వంక చూడాల్సి వచ్చింది. ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. తల నొప్పి వచ్చింది.

మామగారు బేరం ఆడలేదు. ఆయన బేరం ఆడకుండా కొన్న వస్తువు అదొక్కటే అని మా ఆయన తర్వాత అన్నారు.

ఇంటికొచ్చాక అత్తగారు మెత్తటి పాత గుడ్డతో రెండు సంచులు కుట్టింది, మిషనుకు ఒకటి, నడుముకు కట్టుకునే బ్యాటరీలకు ఒకటి. పాప ఆ తీగను చూసి భయపడి నాలుగు రోజులు దగ్గరికి రాలేదు. అయిదో రోజు నేను పెరట్లో తోటకూర కోస్తున్నాను. వెనక నుంచి "అమ్మా" అని వినపడింది. తిరిగి చూశాను. తలుపు చాటున నిలబడ్డ పిల్ల అదిరిపడింది. కాసేపటికి మళ్లీ తలుపు వెనక్కి వెళ్లి, "అమ్మా" అంది. మళ్లీ తిరిగాను. అట్లా ఎన్నిసార్లు పిలిచిందో. ప్రతిసారీ నేను తిరుగుతానో లేదో చూడటమే దానికి పని. ఆ రోజు కూర ఆలస్యమైంది.

బ్యాటరీలతోనే చిక్కు వచ్చింది. పొద్దస్తమానం పెట్టుకుంటే నాలుగు రోజులకే అయిపోయేవి. కొత్తవి మద్రాసు నుంచి బెజవాడకు, అక్కడి నుంచి బస్సులో మా ఊరికి రావాలి. వానాకాలంలో చెమ్మెక్కి దారిలోనే పాడయ్యేవి. అందుకని రోజుకు ఒక గంట అని పెట్టుకున్నాను. ఆ గంట పాపది. అది అన్నం తింటూ చెప్పే కబుర్లు వినేదాన్ని. గంట కాగానే మీట తిప్పేసేదాన్ని, ఇల్లు మళ్లీ మూగబోయేది. అత్తగారు ఆ గంటలో నా దగ్గరికి వచ్చేది కాదు. ఎప్పుడైనా నేనే పిలిస్తే, పాప వైపు చెయ్యి చూపించి లేచి వెళ్లిపోయేది.

ఆ కార్తీకంలో ఆవిడ మంచం పట్టింది. కాళ్లు వాచాయి, ఆయాసం వచ్చింది. నందిగామ డాక్టరు వచ్చి చూసి, గుండె బలహీనపడిందని, మాట్లాడించి అలసట పెట్టొద్దని చెప్పి వెళ్లాడు. ఇంట్లో అప్పుడు ఒకే ఒక్క జత బ్యాటరీలున్నాయి. మర్నాడు పొద్దున్నే వాటిని వేసి మిషను పెట్టుకుని ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను.

"తీసెయ్యి. పాపకి ఉంచు" అంది.

ఆ గొంతు అంత దగ్గరగా విని రెండేళ్లు దాటింది. ముసలిదైపోయింది గొంతు.

"ఇవాళ మీకే అత్తయ్యా" అన్నాను.

ఆవిడ అంది: "అంత చెప్పేదేం లేదే. చెప్పాల్సిందంతా చెప్పేశా. బియ్యం ఏరేటప్పుడు."

"నాకు వినపడలేదుగా!"

"వినపడదనే చెప్పా." నవ్వింది. నవ్వుతో దగ్గు వచ్చింది. "ఇంట్లో ఎవరికీ చెప్పలేనివి నీకు చెప్పుకున్నా. గుండె తేలికయ్యేది. మిషను వచ్చినాక నీకు ఎప్పుడు వినపడుద్దో తెలియక ఆ సుఖం పోయింది."

ఆ పెదాలు ఆడుతుంటే స్తోత్రం అనుకున్న రోజులన్నీ కళ్లముందు తిరిగాయి.

"ఒక్కటైనా మళ్లీ చెప్పండి."

"మా పెద్దపిల్ల సంగతి చెప్తా" అంది. మా ఆయన కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి, మూడేళ్లకు పోయిందని నాకు తెలుసు. ఆ ఇంట్లో ఎవరూ ఆ పిల్ల మాట ఎత్తేవారు కాదు. "అది నన్ను అమ్మా అనేది కాదు. వాళ్ల నాన్న నన్ను పిలిచినట్టే 'ఓయ్' అనేది. నేను కసిరేదాన్ని. అమ్మా అనవే అని ఒకసారి మూతి మీద కొట్టా. ఆ మర్నాడే జ్వరం వచ్చింది." కళ్లు తుడుచుకోలేదు. "నీ పిల్ల నిన్ను పిలవటం మానేసిందని చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది."

అలసట పెట్టొద్దన్న డాక్టరు మాట గుర్తుండి కూడా నేను ఆపలేదు. ఆవిడ ఆగి ఆగి, నిద్రపోతూ లేస్తూ, మూడు రోజులు మాట్లాడింది. వేదాద్రి తీర్థంలో తప్పిపోయిన చిన్నతనం, పెళ్లినాటి చీర రంగు, ఊరగాయ జాడీలో నూనె ఎప్పుడు పోయాలో. నేను మిషను తియ్యలేదు. మూడో రోజు సాయంత్రం ఆవిడ ఏదో చెబుతుండగా హోరు సన్నగిల్లి ఆగిపోయింది. ఆవిడకు చెప్పలేదు. తలూపుతూ కూర్చున్నాను. పెదాలు ఆడుతూనే ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులకు ఆవిడ పోయింది. కొత్త బ్యాటరీలు ఆ తర్వాత వారానికి వచ్చాయి.

కర్మలు అయ్యాక మామగారు కొట్టుకు వెళ్లడం మొదలుపెట్టారు. అట్టపెట్టెలోని ప్రకటనలు అట్లాగే ఉన్నాయి. రేడియో ఎప్పుడు తీసుకోమంటారని ఎవరో అడిగితే, "నాకేం తెలుసు? కావాలనుకుంటే ఇవాళే తెచ్చుకో" అన్నారట.

నాలుగైదేళ్లకు చిన్న మిషన్లు నిజంగానే వచ్చాయి. ధరా దిగింది, ఆయన ముందు చెప్పినట్టే. మామగారు ఒక్కరే మద్రాసు వెళ్లి తెచ్చి నా చేతిలో పెట్టారు. నడుముకు సంచి అక్కర్లేదు, బ్యాటరీ నెల వస్తుంది. అప్పటికి పాప బడికి వెళుతోంది. పొద్దున్నే అది వెళ్లాక, ఆయన కొట్టుకు బయల్దేరే ముందు నా ఎదుట కుర్చీ వేసుకుని పేపరు పైకి చదివేవారు. నేను చదువుకోగలనని ఆయనకు తెలుసు. వద్దని నేను ఎప్పుడూ అనలేదు.