కాటుక పెట్టుకున్న లారీ

మా మేనమామ పోయారన్న కబురు ఆయన లారీలోనే వచ్చింది. నల్లజర్లలో మా అత్తవారి వాకిట్లో ఆ పాత ఇంజను చప్పుడు వినగానే, మామయ్య వచ్చారనుకుని వంటింట్లోంచి పరుగెత్తాను. దిగినది ఆయన కొడుకు. "నాన్నగారు తెల్లవారుజామున పోయారు వదినా. మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చాను" అన్నాడు. ఆ లారీలోనే ఏలూరు బయలుదేరాం.

అయినా ఆయన గురించి ఏడుస్తూ చెప్పడం నాకు చేతకాదు. తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది. ఆయనకు మసక అంటే పడదు. ఎవరింటికి వెళ్లినా కుశల ప్రశ్నలకు ముందే లాంతరు వత్తి పెంచి, "ఇంకాస్త వెలుగు కావాలండీ!" అనేవారు. ఆయన వెళ్లాక ఆ ఇల్లాలు మసిబారిన చిమ్నీ తుడుచుకుంటూ కూర్చునేది. అలాంటి మనిషి కొనుక్కున్న లారీ, ఏ మిలిటరీ వాళ్లో వాడి వదిలేసినది. ఆకివీడు చేపల బుట్టలు, గూడెం మిల్లుల బియ్యం బస్తాలు పగలు బ్రహ్మాండంగా లాగేది. పొద్దు గుంకితే మాత్రం దాని దీపాల వెలుగు నాలుగు బారలు కూడా పోయేది కాదు. "మీ లారీ వస్తోందో లేదో చూడాలంటే మేం లాంతరు పట్టుకోవాలండీ" అని ఆయన భార్య, మా అత్తయ్య, ఎగతాళి చేసేది.

అప్పుడు నా పెళ్లి కుదిరింది. ద్వారకా తిరుమల కొండ మీద, రాత్రి భోజనాల వేళకు ముహూర్తం. మా వైపు పెళ్లికూతురిని మేనమామే బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావాలి. మామయ్యకు నేనొక్కదాన్నే మేనకోడల్ని. ఏలూరు నుంచి కొండకు కూడా నన్ను తన లారీలోనే తీసుకెళ్తానని పట్టుపట్టారు. పురోహితులు ప్రయాణానికి చూసిన మంచి గడియ ఏమో, పెళ్లిరోజు దీపాలు పెట్టే వేళకు గాని లేదు. అప్పుడు బయలుదేరితే ఎడ్లబండ్లు తెల్లారేదాకా చేరవు. లారీ తప్ప దారి లేదు.

"ఆ మిణుగురు పురుగుల్ని పెట్టుకుని నా కూతుర్ని తీసుకెళ్తావటయ్యా? ముహూర్తం తప్పితే వియ్యాలవారికి నా మొహం ఎలా చూపించను?" అన్నారు నాన్నగారు.

"వారం ఆగండి బావగారూ, ఆ వెలుగుకి మీరే కళ్లు మూసుకుంటారు!" అన్నారు మామయ్య.

ఆ వారం మా ఇంట్లో పెళ్లి పనులు ఎవరికీ పట్టలేదు. దీపాల్లో బల్బు వెనకాల ఉండే గిన్నెలు నల్లబడ్డాయని మామయ్య విప్పి పెరట్లో పెట్టారు. తోమితే పోతుంది కదా అని అత్తయ్య వాటిని దేవుడి సామాన్లతో కలిపి, చింతపండూ ఇటుకపొడీ వేసి శుభ్రంగా తోమేసింది. గిన్నెలు బంగారంలా తళతళలాడాయి. మామయ్య పొంగిపోయి ఇంటిల్లిపాది ముందూ అత్తయ్యను మెచ్చుకున్నారు. సాయంత్రం దీపాలు వేసి చూస్తే వెలుగు పసుపు నీళ్లలా ఉంది. ఉన్నది కూడా పోయింది.

పాన్‌దాన్లకు, అంటే తాంబూలం పెట్టెలకు, వెండి పూత పూసే సాయిబుగారిని పిలుచుకొచ్చారు. ఆయన గిన్నెను ఎండలో అటూ ఇటూ తిప్పి, "అమ్మగారు వెండంతా తోమేశారండీ, లోపలి ఇత్తడి తేలిపోయింది" అన్నారు. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయితే మళ్లీ పూయండి!"

"వెండి కావాలి కదండీ."

మామయ్య క్షణం ఆలోచించలేదు. తన వెండి మొలతాడు లాగి సాయిబుగారి చేతిలో పెట్టారు. "ఏవండీ! శుభకార్యం ముందు మొలతాడు లేకుండా తిరుగుతారా?" అంటూ అత్తయ్య ఎర్రదారం పట్టుకుని వెంటపడింది. ఆయన ఒక చేత్తో పంచె పట్టుకుని అప్పటికే లారీ దగ్గరికి వెళ్లిపోయారు.

వెండి పూసిన గిన్నెలు వచ్చినా వెలుగు చాల్లేదు. మామయ్య లారీ కింద దూరి, దీపాల తీగ వెంట తడుముకుంటూ పోయి, అది బిగించిన చోట బోల్టంతా తుప్పు పట్టి కరెంటును తినేస్తోందని పట్టేశారు. గీకి శుభ్రం చేసి లావు తీగ వేశారు. తర్వాత ఎదురింటివారి గోడ మీద బొగ్గుతో గీత గీసి, దీపం వెనక స్క్రూ తిప్పుతూ, "వెయ్యి! తియ్యి! మళ్లీ వెయ్యి!" అని కేకలు. స్విచ్చి దగ్గర కూర్చున్నది నేను, నలుగు పెట్టిన మొహంతో. అమ్మ గుమ్మంలోంచి తిడుతూనే ఉంది. ఒక తిప్పుకి ఆ గోడంతా పట్టపగలులా తెల్లబడింది. వీధి వీధంతా "ఓ!" అని అరిచింది. మామయ్య నా భుజాలు పట్టి ఊపేస్తూ, "చూశావా అమ్మాయ్! ఇహ నీ పెళ్లి ఎవడాపుతాడు!" అన్నారు. నాన్నగారు నిజంగానే కళ్లు మూసుకున్నారు.

పెళ్లిరోజు మంచి గడియ రాగానే గడప దాటాం. చుట్టాలంతా లారీ వెనక గడ్డి మీద, నేను మామయ్య పక్కన, నా ఒళ్లో బుట్ట. ఆ వెలుగులో దారి పక్క గడ్డిపోచలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. భీమడోలు దాటాక, కొండ మీంచి తిరిగొస్తున్న యాత్రికుల బండ్లు ఎదురయ్యాయి. మా వెలుగు కళ్లలో పడగానే మొదటి బండి ఎడ్లు కొయ్యబారిపోయాయి. రెండో బండి ఎడ్లు రోడ్డుకి అడ్డం తిరిగాయి. వెనక బండ్లన్నీ ఆగిపోయాయి.

"దీపాలార్పండి బాబూ! ఎడ్లు బెదిరిపోతున్నాయండీ!"

ఆర్పితే మాకు దారి కనపడదు, పక్కనే నిండుగా పారుతున్న బోదె కాలువ. వేస్తే ఎడ్లు కదలవు. లారీ వెనక నుంచి నాన్నగారు "ముహూర్తం! ముహూర్తం!" అని ఒకటే కేకలు. మామయ్య ఒకసారి ఎడ్లకేసీ, ఒకసారి బోదెకేసీ చూశారు. చివరికి దీపాలకు కప్పుదామని కండువా తీశారు.

"అంతా కప్పితే మళ్లీ పాత కథే కదండీ" అంటూ అత్తయ్య కిందికి దూకింది. నా పెళ్లి సామాన్లలోంచి కాటుక భరిణె తీసింది. "మనకి కింద దారి కనపడితే చాలు. పైవెలుగే వాటి కళ్లలో పడేది" అంటూ ఒక దీపం అద్దానికి పైసగం కాటుక పులిమేసింది. రెండోదానికి మామయ్య అరచేత్తో పులిమారు. వెలుగు తగ్గి రోడ్డు మీదికి వాలింది. ఎడ్లు తల విదిల్చి, ఏమీ జరగనట్టు నడిచాయి. లారీలో అందరం గోవిందా కొట్టాం.

కొండ మీద సన్నాయి మోగుతోంది. లారీ ఆగీ ఆగకముందే మామయ్య నన్ను బుట్టతో సహా ఎత్తుకున్నారు. సాయం పట్టబోయిన వాళ్లను, "తప్పుకోండి, నా మేనకోడలు!" అని కసిరి, ఒగురుస్తూ మెట్లెక్కి పీటల దగ్గర దించారు. పురోహితులు జీలకర్రా బెల్లమూ పట్టుకుని మా కోసమే చూస్తున్నారు. అందుకున్నాం! నా తెల్లచీర భుజం మీద మాత్రం మామయ్య అయిదు వేళ్లూ నల్లగా పడ్డాయి. అందరూ అయ్యో అన్నారు. మా అత్తగారు చూసి, "మేనమామ పెట్టిన దిష్టిచుక్కండీ, మంచిదే. కాస్త పెద్దది పెట్టారంతే" అన్నారు. ఆ మాటకి మామయ్య అక్కడే కళ్లు తుడుచుకున్నారు. మొహమంతా కాటుకయింది.

ఆనాటి నుంచి లారీకి కాటుక అలవాటైపోయింది. వానొస్తే కరిగిపోయేది, అత్తయ్య మళ్లీ పెట్టేది. "ముందు దానికి పెట్టవే, తర్వాత నువ్వు పెట్టుకుందువు గాని" అని మామయ్య ఆటపట్టించేవారు. "నన్ను చూసి ఏ ఎడ్లూ బెదరవు లెండి" అనేది అత్తయ్య. నా బతుకులో పండగంటే ఆ లారీ చప్పుడే. అంత సంతోషం నాకు ఇచ్చిన మనిషి మరొకరు లేరు.

పెద్దకర్మ అయ్యాక సాయంత్రం నల్లజర్ల బయలుదేరాం. ముందురోజు వానకి దీపాల మీద కాటుకంతా కారిపోయింది. మామయ్య కొడుకు చూసి తల దించుకున్నాడు. ఆ ఇంట్లో ఆ రోజు కాటుక అడగడానికి ఎవరికి నోరు వస్తుంది?

అత్తయ్యే బయటికి వచ్చింది, బోసి నుదురుతో. మూల కూర్చోవలసిన మనిషి గడప దాటిందని ఎవరో గొణిగారు. ఆమె వినిపించుకోలేదు. అద్దాలు కొంగుతో తుడిచి, భరిణె తెరిచి, రెండు దీపాలకూ పైసగం నెమ్మదిగా దిద్దింది. "ఇహ వెళ్లండి, ఎడ్లు బెదరవు" అంది. వేలికి మిగిలిన కాటుకను అలవాటు చొప్పున తన కంటి దాకా తీసుకెళ్లి, ఆగి, కొంగుకు తుడిచేసుకుంది.