పసుపు రాసి ఇచ్చిన మిషను

మా బావకి రాజాంలో వెల్డింగు షాపు ఉంది. బావంటే మా అక్క మొగుడు. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు గానీ గొప్పలకేం తక్కువ లేదు. తను చేసిన గేటుని లారీ గుద్దినా వంగదని వచ్చినవాడికల్లా చెబుతాడు. నేను విజయనగరంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాను. నాకు ముక్కు మీద కోపం. మేమిద్దరం కలిసి ఒక మిషను తయారు చేస్తున్నామంటే మా అక్క అన్న మొదటి మాట, "మీరిద్దరూ కొట్టుకు సస్తారు, మజ్జిన నన్ను పిలవకండి" అని.

అది గోగునార మిషను. మా వైపు గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరేస్తారు. అవి బాగా నానాక ఆడవాళ్లు ఆ కంపు నీళ్లలో నిలబడి నార తీస్తారు. మా మిషను పచ్చి కర్ర మీది పట్టను, అంటే బెరడుని, ముందే ఒలిచేస్తుంది. ఆ పట్ట ఒక్కటీ ఇంటి దగ్గర తొట్టిలో ఊరేసుకుంటే చాలు. ఇలాంటివి బజార్లో ఇదివరకే ఉన్నాయి గానీ అవి కర్రని పిప్పి చేస్తాయి. మా దాంట్లోంచి కర్ర కర్రలాగే బయటికొస్తుంది, దడికీ పొయ్యికీ పనికొస్తుంది. రోలర్ల మీద ఏటవాలుగా చెక్కిన గాళ్లు బావ తెలివి. కర్ర లావుని బట్టి రోలర్లు ఎడం జరిగేలా పెట్టిన స్ప్రింగు నాది. ఏది గొప్పదని మేం పోట్లాడుకోని ఆదివారం లేదు.

"నీ స్ప్రింగు లేకపోతే ఏటవుతాది? సేత్తో నొక్కుతాను" అనేవాడు.

"నీ గాళ్లు లేకపోతే గరుకు కాయితం సుడతాను బావా" అనేదాన్ని.

ఖర్చు కాలేజీ పెట్టుకుంది కాబట్టి ఒప్పందం రాసుకోవాలన్నారు. వాళ్లు పంపిన ముసాయిదా చదివేసరికి నాకు ఒళ్లు మండింది. ఈ పనిలో పుట్టిన ప్రతిదీ కాలేజీ సొత్తట. కనిపెట్టినవాళ్లుగా నా పేరుంది, షాపు మొహం కూడా చూడని కాలేజీ పెద్దాయన ఒకరి పేరుంది. బావని మాత్రం సరుకు సప్లై చేసినవాడిగా రాశారు. అంటే రేపు బావ తన షాపులో ఇంకో మిషను చేసుకోవాలంటే కాలేజీని అడుక్కోవాలి. నేను ఒంటికాలి మీద లేచాను. కాలేజీ లాయరు గారు నెమ్మదస్తుడు, నా అరుపులన్నీ విని, న్యాయమేనని ఒప్పుకుని తిరగరాయించారు. పేటెంటు వస్తే కాలేజీకీ బావకీ సగం సగం. మిషను చేసి అమ్ముకునే హక్కు బావకి ఎప్పటికీ ఉంటుంది. కనిపెట్టినవాళ్లం మేమిద్దరం, అందులో ముందు బావ పేరు. పేటెంటుకి దరఖాస్తు వేసేదాకా బయటివాళ్లకి మిషను చూపించకూడదని ఒక షరతు ఉంటే అది కూడా బావకి చదివి వినిపించాను. తలూపాడు.

"పేరెందుకే నాకు? పేరు తింటానేటి?" అన్నాడు. ఆ సాయంత్రమే టీకొట్టు దగ్గర, "మా మరదలూ నానూ కలిసి పేటెంటు తీస్తన్నాం" అని ఎవరికో చెబుతుంటే విన్నాను. అక్కకి గోడ మీద మేకు ఎక్కడ కొట్టాలో కూడా చూపించాడట, సర్టిఫికెట్టు తగిలించడానికి.

దరఖాస్తుకి ఫొటో కావాలని లాయరు గారు అడిగారు. బావ ఫోన్లో పంపాడు. ఫొటోలో మిషను షాపులో లేదు. నాగావళి అవతల వాళ్ల చెల్లెలి ఇంటి ముందు ఉంది. ఇనుప చట్రానికి పసుపు రాసి బొట్లు పెట్టి ఉన్నాయి. చుట్టూ సగం ఊరు గోగు కట్టలతో నిలబడి ఉంది.

బావ వాళ్లింట్లో అదొక ఆనవాయితీ. వాళ్ల నాన్న కొలిమి పెట్టి నాగలి కర్రులు కొట్టిన కాలం నుంచీ, కొత్త వస్తువు ఏది చేసినా మొదటిది ఆ ఇంటి ఆడపడుచుకి వెళుతుంది. నేను ఫోన్లో విరుచుకుపడ్డాను.

"బయటోళ్లకి సూపొద్దన్నావు. సెల్లి బయటిదేటే?" అన్నాడు బావ. నిజంగానే అడుగుతున్నాడు.

లాయరు గారు తల పట్టుకున్నారు. ఊరంతా చూసి వాడుకున్నదాన్ని కొత్తదంటే పేటెంటు ఆఫీసు ఒప్పుకోదట. కాసేపు ఆలోచించి, "పరీక్ష చేయడానికి ఇచ్చి, మళ్లీ తెచ్చుకున్నదైతే చట్టంలో దారి ఉందమ్మా. పరీక్షకే కదా ఇచ్చారు? మీ బావగారూ వాళ్ల చెల్లెలూ ఆ మాట రాసి సంతకం పెడితే నేను చూసుకుంటాను" అన్నారు.

నేను రాజాం బస్సెక్కి షాపుకి పరిగెత్తాను. అప్పటికే వాళ్ల చెల్లెలికి సంగతి తెలిసి ఫోన్లో ఏడుస్తోంది. "సంతకం ఎట్టీ అన్నియా. మిషను తీసుకుపో, పనయ్యాక మళ్లీ ఇద్దువు గాని" అంటోంది.

"పసుపు రాసి ఇచ్చినాను నీకు. అరువిచ్చినానని రాయమంటావేటి?" అన్నాడు బావ.

"అది ఉత్త కాయితమ్మీద మాట బావా. రాయకపోతే నీ పేరు పోతాది. రేపు పక్క షాపోడు నీ మిషనే సేసి అమ్ముతాడు, నువ్వు సూస్తా ఉండాల" అని నేను నోరు పారేసుకున్నాను.

"అమ్మనీ. నాను మాత్రం అలగ రాయను."

అక్క టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఆయన రాయడు. గొంతు సించుకోకు" అంది.

వాళ్ల ముందే లాయరు గారికి ఫోన్ చేసి, పరీక్షకి ఇవ్వలేదండీ, ఇచ్చేశారు అని చెప్పాను. ఆయన అయ్యో అన్నారు. నాకు కోపం తగ్గలేదు. ఆ కోపంలోనే మా బావ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

బావ చేతులు తుడుచుకుని వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "నా పేరెక్కడ రాసినారో ఓపాలి సూపియ్యి" అన్నాడు. సంచీలోంచి ఒప్పందం తీసి ఆ పేజీ తెరిచాను. పేరు కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం మీదుగా మెల్లగా జరిపాడు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు.

"ఇంటిపేరు కూడా తప్పులేకుండా రాసినారే" అన్నాడు.