కాంక్రీటు ఐసులో ఆర్కిటిక్ మట్టి

2018 జూన్‌లో నేను దోహాలోని ఒక ఇంగ్లిష్ దినపత్రికలో సీనియర్ రిపోర్టర్‌ని. ప్రపంచ కప్ స్టేడియాల నిర్మాణం నా బీట్, అంటే రోజూ వార్తలు తేవలసిన రంగం. సైన్స్ విలేఖరి సెలవు పెట్టడంతో ఒక పరిశోధనశాలకు నన్ను పంపారు.

అక్కడ అమలాపురం నుంచి వచ్చిన సునీత, ఆర్కిటిక్ నుంచి తెప్పించిన మట్టి కడ్డీలను ఫ్రీజర్‌లో భద్రపరిచింది. వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టి అది. కరిగితే అందులోని సూక్ష్మజీవులు మేలుకొని, పాత ఆకులూ వేర్లూ తిని కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వదులుతాయి. ఒక్కో కడ్డీని మూత బిగించిన సీసాలో మెల్లగా కరిగించి, వచ్చిన వాయువును సిరంజితో తీసి కొలవడం ఆమె పని.

మేం మాట్లాడుతుండగానే ఫ్రీజర్ కంప్రెసర్ ఆగిపోయింది. సాయంత్రానికి గానీ రాలేనన్నాడు మెకానిక్. అంత చల్లని ఫ్రీజర్ అక్కడ ఇంకొకటి లేదు. మళ్లీ గడ్డకట్టిస్తే సరిపోదా అని అడిగాను.

"మొదట వచ్చే గాలి పోయాక ఇంకేం కొలుస్తాం సార్? రెండేళ్ల పని పోయినట్టే," అంది.

వేసవిలో కాంక్రీటు వేడెక్కి బీటలు వారకుండా నీళ్లకు బదులు ఐసు పొడి కలుపుతారు. ఎండ వల్ల మధ్యాహ్నం బయట పని నిషేధం కాబట్టి, సాయంత్రం కాంక్రీటు పోత కోసం అది కాంక్రీటు కలిపే ప్లాంటులో పోగుపడి ఉంటుంది. దగ్గర్లోని ప్లాంటు ఫోర్‌మన్, జగిత్యాల నర్సయ్య, నాకు తెలుసు. థర్మోకోల్ డబ్బాలు తీసుకుని ఇద్దరం వెళ్లాం.

"మన్నుకు ఐసా మేడం? మా అవ్వ ఇంటే, దుబాయ్ ఎండకు మతి పోయిందారా కొడకా అంటది," అని నవ్వాడు. వాళ్ల ఊళ్లో గల్ఫంతా దుబాయే. "సిమెంటుకు ఇస్తున్నం, మన్నుకు ఇయ్యమా! తీస్కపోన్రి."

ఉత్త ఐసు చాలదనీ, ఉప్పు కలిపితేనే ఫ్రీజరంత చలి వస్తుందనీ సునీత చెప్పగానే ఆ నవ్వు ఆగింది.

"ఉప్పు మాఫీ, అసలే వద్దు! నా ఐసుల రవ్వంత వడ్డా కాంక్రీటు లోపటి ఇనుము తుప్పు వడ్తది. స్టేడియం నా మెడకు సుట్టుకుంటది."

"ఉప్పు మా ల్యాబ్‌లోనే కలుపుతాను అన్నా. ఈ డబ్బాలు మళ్లీ మీ గేటు లోపలికి రావు."

"గట్లయితే యల్లా, జల్ది నడువున్రి." పార తనే అందుకుని డబ్బాలు నింపాడు.

సాయంత్రం ఫ్రీజర్ బాగయ్యేసరికి రెండు కడ్డీలు మెత్తబడ్డాయి. మిగతావి రాయిలా ఉన్నాయి. సునీత ఫోన్ చేసి చెబితే, "ఇగ నా పోత నన్ను వోసుకోనియ్యి తల్లీ," అన్నాడట నర్సయ్య.

వార్తలు దిద్ది శీర్షికలు పెట్టే డెస్క్ వాళ్లు అప్పటికే 'కరిగిపోయిన ఆర్కిటిక్' అని శీర్షిక సిద్ధం చేశారు. మార్పించాను. ఆ నేలలో ఎక్కువ భాగం ఇంకా గడ్డకట్టే ఉందనీ, భూమి వేడెక్కడాన్ని ఎంత త్వరగా ఆపితే అంత మిగులుతుందనీ సునీత చెప్పిన మాటను మొదటి పేరాలోకి తెచ్చాను.

ఆ తరవాత రిటైరయ్యేదాకా, ఏది పోయిందని రాయవలసి వచ్చినా, ఇంకా ఎంత మిగిలిందో అడిగాకే రాశాను.